తడి ఇనుప ఖనిజాన్ని ఎక్కించుకోవచ్చా? డెక్ ఆఫీసర్లకు, క్యాడెట్లకు అంచెలవారీ సూచనలు

వానలు మొదలయ్యాయంటే నాకు ఒకే ప్రశ్న పదే పదే వస్తుంది. అడిగేవారు ఎక్కువగా శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నుంచి మర్చంట్ నేవీలో చేరి, క్యాడెట్‌గానో థర్డ్ ఆఫీసర్‌గానో మొదటిసారి ఇనుప ఖనిజం మోసే ఓడ ఎక్కినవారు. "సార్, తేమ సర్టిఫికెట్ సరిగానే ఉంది, డబ్బా పరీక్షలో నీళ్లు కనబడలేదు, ఇక ఎక్కించుకోవచ్చు కదా?" అని అడుగుతారు. పొరపాటు ఆ ప్రశ్నలోనే ఉంది. సరుకును డబ్బాలో వేసి నేలకు కొట్టి, నీరు తేలుతుందేమో చూసే డబ్బా పరీక్ష "వద్దు" అని చెప్పగలదు గాని, "సరే" అని చెప్పే శక్తి దానికి లేదు. ఆ సంగతి ఒక్కటి అర్థమైతే కింద రాసిన మెట్లన్నీ ఎందుకో వాటంతట అవే తెలిసిపోతాయి.

ఇది ఎక్కడో దూరదేశాల సమస్య అనుకోవద్దు. 2009 జూలైలో 'ఏషియన్ ఫారెస్ట్' మంగళూరు దగ్గర, అదే ఏడాది సెప్టెంబరులో 'బ్లాక్ రోజ్' పారాదీప్ దగ్గర మునిగిపోయాయి. రెండింటిలోనూ ఉన్నది మన దేశపు ఇనుప ఖనిజం ఫైన్సే (సన్నని రేణువుల ఖనిజం), రెండూ వానాకాలంలోనే. మరుసటి ఏడాది అక్టోబరు, డిసెంబరు మధ్య ఇండోనేషియా నికెల్ ఖనిజం మోస్తున్న మూడు ఓడలు మునిగి 44 మంది నావికులు పోయారు. 2015 జనవరి 2న వియత్నాం తీరంలో 'బల్క్ జూపిటర్' బాక్సైట్‌తో మునిగినప్పుడు 19 మందిలో ఒక్కరే బతికారు. ఈ ఓడలేవీ బండరాయిని ఢీకొనలేదు. లోపలి సరుకే కదిలింది.

లోపల జరిగేది క్లుప్తంగా

సముద్రపు ఒడ్డున తడి ఇసుక మీద ఒకేచోట నిలబడి కాలితో తొక్కుతూ ఉంటే, గట్టిగా ఉన్న ఇసుకలోంచి కాసేపటికి నీరు పైకి ఉబికి, కాలు కూరుకుపోతుంది. చిన్నప్పుడు మనమందరం ఆడిన ఆటే అది. హోల్డులో, అంటే ఓడలో సరుకు నింపే గదిలో, జరిగేదీ ఇంతే. అలల మీద ఓడ ఊగిన ప్రతిసారీ ఖనిజపు రేణువులు దగ్గరగా సర్దుకుంటాయి, వాటి మధ్య ఖాళీలు తగ్గిపోతాయి, అక్కడి నీటికి పోవడానికి దారి ఉండదు. అప్పటిదాకా రేణువు మీద రేణువు మోస్తున్న బరువును నీరు మోయడం మొదలుపెట్టగానే సరుకు చిక్కటి బురదలా పారుతుంది. అది ఒక పక్కకు పారి, ఓడ తిరిగి లేచేటప్పుడు పూర్తిగా వెనక్కి రాదు. అలా ఊపు ఊపుకూ కొంత మిగిలిపోతూ ఒరుగు పెరుగుతుంది. రేవులో నిక్షేపంగా కనబడిన సరుకు బయలుదేరిన కొన్ని గంటలకో, రెండు మూడు రోజులకో మోసం చేయడానికి కారణం ఇదే.

దగ్గర ఉంచుకోవలసినవి

షిప్పర్ (సరుకు పంపేవారు) ఇచ్చిన సరుకు వివరాల పత్రం, టీఎంఎల్ సర్టిఫికెట్, తేమ సర్టిఫికెట్ మూడూ మీ చేతిలో ఉండాలి. టీఎంఎల్ అంటే ఆ సరుకును రవాణా చేయడానికి అనుమతించే గరిష్ఠ తేమ. ఐఎంఎస్‌బీసీ కోడ్ (ఇలాంటి ఘన సరుకులను ఓడలో మోయడానికి ఉన్న అంతర్జాతీయ నిబంధనలు) తాజా ప్రతి, ఓడ స్టెబిలిటీ బుక్‌లెట్, లోడింగ్ కంప్యూటర్ ఎలాగూ ఓడలోనే ఉంటాయి. వీటికి తోడు అర లీటరు నుంచి లీటరు వరకు పట్టే గుండ్రని గట్టి డబ్బాలు నాలుగైదు, మూత బిగుతుగా పడే ప్లాస్టిక్ సంచులు, చెరగని ఇంకు పెన్ను, స్టాప్‌వాచ్, తేదీ సమయం పడే కెమెరా, వాన పడిన వేళలు రాసుకోవడానికి విడిగా ఒక నోటు పుస్తకం సిద్ధం చేసుకోండి. చివర చెప్పిన నోటు పుస్తకాన్ని చాలామంది తేలికగా తీసుకుంటారు. వివాదం వచ్చినప్పుడు మిమ్మల్ని కాపాడేది అదే.

మెట్లు

1. సరుకు పేరు చూడండి. పత్రంలో "ఐరన్ ఓర్" అని ఉందా, "ఐరన్ ఓర్ ఫైన్స్" అని ఉందా? మొదటిది గ్రూప్ సి, అంటే ద్రవంగా మారే ప్రమాదం లేనిది. రెండవది గ్రూప్ ఎ, అంటే ద్రవంగా మారగలది. ఒక మిల్లీమీటరు కంటే సన్నని రేణువులు 10 శాతం లేదా అంతకు మించి ఉండి, అదే సమయంలో 10 మిల్లీమీటర్ల కంటే సన్నవి 50 శాతం లేదా అంతకు మించి ఉంటే అది ఫైన్స్ కిందికే వస్తుంది. గోయెథైట్ అనే ఖనిజ రకం 35 శాతం లేదా అంతకంటే ఎక్కువ ఉన్న ఖనిజానికి మాత్రమే ఇందులో మినహాయింపు, దానికీ పరీక్ష ఆధారం చూపించాలి. ఫైన్స్ విషయంలో ఈ నిబంధనలు 2017 జనవరి 1 నుంచి తప్పనిసరి అయ్యాయి. జేబులో ఉన్న పాత నోట్సును నమ్ముకోవద్దు.

2. తేదీలు చూడండి. టీఎంఎల్ పరీక్ష లోడింగ్‌కు ముందు ఆరు నెలల లోపలిది కావాలి. తేమ కోసం నమూనా తీసి పరీక్షించిన నాటికి, సరుకు ఎక్కించే నాటికి మధ్య ఏడు రోజులకు మించి ఎడం ఉండకూడదు. ఈ మధ్యలో గట్టి వాన పడితే ఏడు రోజులు పూర్తికాకపోయినా ఆ సర్టిఫికెట్‌ను పక్కన పెట్టి, మళ్లీ పరీక్ష చేయించమని అడగాలి.

3. రెండు అంకెలను పోల్చండి, అయితే సరైన రెండింటినే పోల్చండి. సర్టిఫికెట్‌లో ఒక్కోసారి ఎఫ్‌ఎంపీ కూడా రాసి ఉంటుంది. సరుకు పారడం మొదలుపెట్టే తేమ అది. ఫ్లో టేబుల్ అనే ప్రయోగశాల పద్ధతిలో టీఎంఎల్ దానిలో 90 శాతం మాత్రమే. ఎఫ్‌ఎంపీ 10 శాతం అయితే టీఎంఎల్ 9 శాతం. తేమ 9.5 శాతం ఉన్న సరుకు ఎఫ్‌ఎంపీ కంటే తక్కువే కదా అని ఎక్కించారంటే, కాపాడటానికి ఉంచిన ఎడాన్ని మీరే తినేసినట్లు.

4. గుట్ట దగ్గరకు స్వయంగా వెళ్లండి, లేదా మీ తరఫు సర్వేయర్‌ను పంపించండి. సరుకు నిల్వను చూడటానికి, నమూనాలు తీయడానికి షిప్పర్ వీలు కల్పించాలని కోడ్‌లోనే ఉంది. గుట్ట పైభాగం ఎండకు ఆరి పొడిగా, దుమ్ము రేగుతూ కనబడుతుంది. అది చూసి తృప్తి పడవద్దు. పారతో లోపలికి తవ్వించి తీయండి, అడుగున నీరు నిలిచిన అంచుల దగ్గర విడిగా తీయండి. టార్పాలిన్ కప్పి ఉంటే ఎప్పుడు కప్పారో అడగండి, ఎందుకంటే తడిసిన తరువాత కప్పిన టార్పాలిన్ సరుకును ఆరనివ్వదు.

5. డబ్బా పరీక్ష చేయండి. డబ్బాను సగం వరకు నింపి, సుమారు 20 సెంటీమీటర్ల ఎత్తు నుంచి గట్టి నేల మీద కొట్టండి. ఒకటి రెండు సెకన్లకు ఒకసారి చొప్పున 25 సార్లు కొట్టాలి. లెక్క పైకే పెట్టండి, పదిహేను దగ్గర చేయి నొప్పెట్టి ఆపేసినవారిని చూశాను. తరువాత పైభాగం చూడండి. నీరు తేలినా, అద్దంలా మెరుస్తున్నా, డబ్బా వంచితే సరుకు జారి పారినా లోడింగ్ ఆపించి, ప్రయోగశాలలో మళ్లీ పరీక్ష చేయించండి. పొడిగానే కనబడితే పుస్తకంలో "నీరు కనబడలేదు" అని రాయండి, "సరుకు బాగుంది" అని రాయకండి. పొడిగా కనబడిన నమూనాలోనూ తేమ టీఎంఎల్ కంటే ఎక్కువ ఉండవచ్చని కోడ్ స్పష్టంగా చెబుతోంది.

6. ఎక్కించేటప్పుడు హోల్డు అంచున నిలబడి చూడండి. గ్రాబ్ (క్రేన్‌కు ఉండే ఇనుప పంజా) నుంచి పడిన సరుకు కుప్పగా నిలబడాలి. పేడముద్దలా చప్పున పరుచుకున్నా, హోల్డు గోడల మీద బురద చుక్కలు చిమ్మినా అది తడి సరుకే. ఓడ లంగరు మీద ఉండగా బార్జీలలో సరుకు తెచ్చే చోట, కాకినాడలో ఉన్నటువంటి ఏర్పాటు ఉంటే, ప్రతి బార్జీలోని చివరి గ్రాబులను ప్రత్యేకంగా గమనించండి. దారిలో ఊగిన బార్జీలో నీరు అడుగుకు దిగుతుంది, కనుక పైన తీసిన నమూనా బాగున్నా అడుగు సరుకు వేరుగా ఉంటుంది. వాన మొదలైతే పని ఆపించి హ్యాచ్‌లు (హోల్డుల పైమూతలు) మూయించండి. పని జరగని హోల్డుల హ్యాచ్‌లు ఎండగా ఉన్నా మూసే ఉంచాలి.

7. చదును చేయించండి. ఇనుప ఖనిజం బరువు ఎక్కువ, పరిమాణం తక్కువ, అందుకని హోల్డు మధ్యలో ఒక గుట్టగా మిగిలిపోతుంది. సమయం లేదని అలాగే వదిలేయమంటారు. వదలవద్దు. కొండలా ఉన్న సరుకు ద్రవంగా మారకపోయినా పక్కకు జారగలదు. అయితే చదును చేస్తే తడి సరుకు సురక్షితం అయిపోతుందని అనుకోకండి. ఈ రెండూ వేర్వేరు జబ్బులు.

8. బయలుదేరే ముందు బిల్జ్ బావులు (హోల్డు అడుగున నీరు చేరే గుంటలు) శుభ్రంగా ఉన్నాయో, పంపు పనిచేస్తోందో, పైన గోనె కప్పారో చూడండి. ఆపైన ఓడ ఒక ఊపుకు ఎంత సమయం తీసుకుంటుందో రేవు దాటిన మొదటి గంటల్లోనే కొలిచి బ్రిడ్జిలో రాసి పెట్టండి. ఎందుకో కింద లెక్కలో చెబుతాను.

ఒక చిన్న లెక్క

"ఖనిజం ఓడకు జీఎం బోలెడు ఉంటుంది, ఎందుకు భయం?" అనేది నేను వినే రెండో ప్రశ్న. జీఎం అంటే ఒరిగిన ఓడ తిరిగి నిలబడే సత్తాకు మనం వాడే కొలత. ఖనిజం హోల్డు అడుగునే ఉంటుంది కాబట్టి జీఎం నిజంగానే ఎక్కువ. దానివల్లే ఓడ గట్టిగా, గబగబా కుదుపులతో ఊగుతుంది, ఆ కుదుపులే సరుకును త్వరగా ద్రవంగా మారుస్తాయి. ఏ బలాన్ని చూసుకుని ధీమాగా ఉన్నామో అదే గోతులు తవ్వుతున్నదన్నమాట.

సుమారు 60,000 టన్నుల డిస్‌ప్లేస్‌మెంట్ (సరుకుతో కలిపి ఓడ మొత్తం బరువు), 32 మీటర్ల వెడల్పు, ఐదు హోల్డులు, 4 మీటర్ల జీఎం ఉన్న ఓడను తీసుకోండి. ఒక హోల్డులో సరుకు పైభాగం 25 మీటర్ల పొడవు, 24 మీటర్ల వెడల్పు ఉందనుకుందాం. వెడల్పును ఘనం చేసి, పొడవుతో గుణించి, 12తో భాగిస్తే 28,800 వస్తుంది. ఘనపు మీటరుకు 2.5 టన్నుల సాంద్రతతో గుణిస్తే 72,000. దాన్ని డిస్‌ప్లేస్‌మెంట్‌తో భాగిస్తే, సరుకు ద్రవంగా మారినప్పుడు జీఎంలో తగ్గేది 1.2 మీటర్లు. ఒక్క హోల్డు ద్రవంగా మారితే 4 మీటర్ల జీఎం 2.8కి దిగుతుంది, మూడు హోల్డులు మారితే 0.4 మిగులుతుంది. చిక్కటి బురద నీటి అంత స్వేచ్ఛగా కదలదు గనుక నిజమైన నష్టం ఇంతకంటే కొంత తక్కువ ఉండవచ్చు, అయినా లెక్క ఎటు నడుస్తోందో తెలుస్తుంది.

ఇప్పుడు 2,000 టన్నుల సరుకు పక్కకు 6 మీటర్లు జరిగి అక్కడే నిలిచిపోయిందనుకోండి. 2,000ను 6తో గుణించి 60,000తో భాగిస్తే ఓడ గరిమనాభి 0.2 మీటరు పక్కకు జరిగినట్లు. జీఎం 4 మీటర్లు ఉండగా ఈ జరుగుడుకు ఓడ 3 డిగ్రీల లోపే ఒరుగుతుంది, టీ కప్పు కూడా జారదు. జీఎం 0.4 ఉన్నప్పుడు అదే జరుగుడుకు ఒరుగు సుమారు 27 డిగ్రీలు వస్తుంది. అంత పెద్ద కోణంలో ఈ సూత్రం కచ్చితంగా పనిచేయదు, అసలు విలువకు జీజడ్ వక్రరేఖ (ఏ కోణంలో తిరిగి లేచే బలం ఎంతో చూపే గీత) చూడాలి. కాని ఆ స్థితిలో డెక్ అంచు నీళ్లలోకి వెళ్లిపోతూ ఉంటుంది, వక్రరేఖ గీసే తీరిక ఎవరికీ ఉండదు. నిబంధనల ప్రకారం కనీస జీఎం 0.15 మీటరే, మన 0.4 దానికంటే ఎక్కువే అన్న సంగతి కూడా గుర్తుంచుకోండి. దీనికి తోడు వెనుక నుంచి వచ్చే పొడవాటి అల శిఖరం ఓడ నడుమ నిలిచిన క్షణంలో, తిరిగి లేచే బలం మరికొంత తగ్గుతుంది.

ఇక స్టాప్‌వాచ్ సంగతి. ఓడ వెడల్పును 0.8తో గుణించి, జీఎం వర్గమూలంతో భాగిస్తే ఒక ఊపుకు పట్టే సమయం సెకన్లలో ఉజ్జాయింపుగా వస్తుంది. మన ఓడకు 4 మీటర్ల దగ్గర అది 12.8 సెకన్లు, 2.8 దగ్గర 15.3, 0.4 దగ్గర సుమారు 40. కాబట్టి వాచీలో పదమూడు కాస్తా పదిహేను అయిందంటే తేడా చిన్నదేలే అనుకోవద్దు, ఒక హోల్డంత జీఎం పోయి ఉండవచ్చు. ఎడమకు పూర్తిగా ఒరిగిన చోటు నుంచి మళ్లీ ఎడమకు వచ్చేదాకా ఒక ఊపుగా, పది ఊపులు కలిపి కొలిచి పదితో భాగించండి. దిశ, వేగం మారితే అలలు ఓడను తాకే వేళ మారి కొలత కూడా మారుతుంది. అందుకే దిశ, వేగం, అలల తీరు పక్కనే రాసి, ఒకే పరిస్థితిలో తీసిన వాటినే పోల్చండి. నాలుగు గంటల డ్యూటీకి ఒకసారి కొలిస్తే చాలు.

తరచు జరిగే తప్పులు

నేను సెకండ్ ఆఫీసర్‌గా ఉన్నప్పుడు ఒక లంగరు రేవులో నాలుగు రోజులు ఫైన్స్ ఎక్కించాం. సర్టిఫికెట్‌లో తేమ 8 శాతం చిల్లర, టీఎంఎల్ 9 దాటి, అంతా సవ్యం. మూడో రాత్రి వాన కురిసింది. తెల్లవారి వచ్చిన బార్జీలోంచి తీసిన సరుకును డబ్బాలో వేసి కొడితే ఇరవయ్యో దెబ్బకు పైన నూనె రాసినట్లు నిగనిగలాడింది. షిప్పర్ మనిషి నవ్వి, "ఇది మామూలే సార్, పైపైన తడి, మొత్తం సగటు చూడండి" అన్నాడు. చీఫ్ ఆఫీసర్ సగటు చూడలేదు, బార్జీని వెనక్కి పంపించారు. ఓడ ఆగినందుకు ఆఫీసు నుంచి వచ్చిన సందేశాలు చదివి నాకు చెమటలు పట్టాయి గాని, ఆయన మాత్రం అన్నింటికీ ఒకే జవాబు పెట్టారు: కొత్త పరీక్ష పంపండి. అది వచ్చింది, తేమ టీఎంఎల్ దాటింది.

సగటు అన్నదే అన్నిటికంటే పెద్ద తప్పు. నాలుగు హోల్డులు పొడిగా, ఒకటి తడిగా ఉంటే సగటు బాగానే ఉంటుంది, ఆ ఒక్కటి మాత్రం పారుతుంది. ప్రతి గుట్టకు, ప్రతి హోల్డుకు విడిగా అంకె అడగండి.

రెండో తప్పు శాతం దేనిమీద లెక్కించారో చూడకపోవడం. కోడ్ ప్రకారం తేమ శాతాన్ని తడి నమూనా మొత్తం బరువు మీద లెక్కించాలి. 100 గ్రాముల తడి నమూనా ఆరాక 91 గ్రాములైతే తేమ 9 శాతం. అదే 9 గ్రాములను ఆరిన 91 గ్రాముల మీద లెక్కిస్తే 9.9 వస్తుంది, మట్టి పరీక్షలు చేసే కొన్ని ప్రయోగశాలలకు ఈ పద్ధతే అలవాటు. టీఎంఎల్ ఒక పద్ధతిలో, తేమ మరొక పద్ధతిలో ఉంటే లేని భద్రత కాగితం మీద కనబడుతుంది.

ఓడ వంటగది ఓవెన్‌లో నమూనా ఆరబెట్టి చూడటం మరో అలవాటు. వంటాయన ఒప్పుకుంటే చేసుకోండి, అనుమానం రావడానికి పనికొస్తుంది, కాని ఊగే ఓడలో తూచిన ఆ అంకెను ప్రయోగశాల అంకెకు బదులుగా ఎవరికీ చూపకండి. డబ్బాను నిండా నింపి కొట్టడం, చెక్క పలక మీద కొట్టడం, ఒక్క నమూనాతో సరిపెట్టడం గురించి వేరే చెప్పనక్కరలేదు.

నికెల్ ఖనిజం, బాక్సైట్ మోసేవారు ఈ మెట్లనే వాడవచ్చు, కాని కోడ్‌లో వాటి షెడ్యూళ్లు (ఒక్కో సరుకుకు ఉన్న విడి నిబంధనలు) వేరు. 'బల్క్ జూపిటర్' బాక్సైట్‌లో తేమ సగటున 21.3 శాతం ఉన్నట్లు దర్యాప్తులో తేలింది. అప్పటి షెడ్యూలులో బాక్సైట్‌కు రాసి ఉన్నది 10 శాతం లోపు.

సముద్రంలో చూసుకోవలసినవి, ఓడ ఒరిగితే చేయవలసినవి

రోజూ బిల్జ్ కొలత తీసి రాయండి. నీరు వస్తోందంటే సరుకులోంచి దిగుతోందని అర్థం. అసలే రాకపోయినా మంచి కబురు అనుకోవద్దు, సన్నని సరుకు నీటిని లోపలే పట్టి ఉంచగలదు. వాతావరణం అనుకూలించినప్పుడు యాక్సెస్ హ్యాచ్ పైనుంచి టార్చ్ వేసి సరుకు పైభాగం చూడండి. గరుకుగా ఉన్నది నున్నగా, మట్టంగా మారిందా, మడుగులు కట్టాయా, గోడల మీద కొత్త మరకలు పడ్డాయా అన్నవి చూడాలి. హోల్డులోకి మాత్రం దిగవద్దు. అది మూసిన గది, గాలి పరీక్ష, అనుమతి పత్రం లేకుండా ఎవరూ అడుగు పెట్టకూడదు.

కారణం తెలియని ఒరుగు రెండు డిగ్రీలు కనబడినా కెప్టెన్‌ను నిద్ర లేపండి. ట్యాంకులు కొలిచి, ఇంధనం ఒక పక్కే వాడటం వంటి మామూలు కారణాలు లేవని తేల్చుకోండి. ఊపు తగ్గేలా దిశను, వేగాన్ని మార్చి, దగ్గరలోని నిలకడ నీళ్ల వైపు తిప్పండి. ఇక్కడ చేతులు తొందరపడి చేసే పని ఒకటుంది: ఎత్తుగా ఉన్న పక్క ట్యాంకుల్లో బల్లాస్ట్ (బరువు కోసం వేసే నీరు) నింపి ఓడను నిలబెట్టబోవడం. జీఎం పోవడం వల్ల ఒరిగిన ఓడను అలా నింపితే అది ఒక్కసారిగా అవతలి పక్కకు పడి, వెంట సరుకునూ తీసుకుపోతుంది. బల్లాస్ట్ వేయవలసి వస్తే అడుగు ట్యాంకుల్లో, సగం సగం వదలకుండా, ఒక్కొక్కటే, ముందు ఒరిగిన పక్క నింపాలి. అదీ లెక్క చేసి కెప్టెన్ చెప్పిన తరువాతే.

సహాయం అడగడానికి ఒరుగు పెరిగేదాకా ఆగవద్దు. డీఎస్‌సీ (రేడియోలో అత్యవసర పిలుపు పంపే ఏర్పాటు) మీద ముందుగా అర్జెన్సీ పంపండి, అవసరమైతే డిస్ట్రెస్‌గా మార్చవచ్చు. మన తీరంలో ఇండియన్ కోస్ట్ గార్డ్ నంబరు 1554, సమన్వయ కేంద్రాలు ముంబై, చెన్నై, పోర్ట్ బ్లెయిర్ (ఇప్పటి పేరు శ్రీ విజయపురం)లలో ఉన్నాయి. ఇంజన్ గదిలో అవసరమైనవారిని మాత్రం ఉంచి, మిగతావారిని లైఫ్ జాకెట్లతో పైకి రప్పించండి. బాగా ఒరిగిన ఓడలో ఎత్తుగా ఉన్న పక్క లైఫ్‌బోటు కిందికి దిగకపోవచ్చు గనుక, ఫ్రీ ఫాల్ బోటు లేని ఓడ అయితే ఏ పక్క బోటు, ఏ రాఫ్ట్ వాడాలో సరంగుకు అప్పుడే చెప్పి ఉంచండి.